సగం అంతస్తు

సోమాలీల రేవు ఊరు బెర్బెరాలో తండ్రి పెట్టిన పేరు మనిషికి రెండుసార్లే పనికొస్తుంది. పెళ్లినాడు ఒకసారి, పాతిపెట్టేనాడు ఒకసారి. మధ్యలో బతుకంతా ఊరు పెట్టిన పేరుతోనే వెళ్లదీయాలి. కుంటివాడు కుంటే, మెల్లకన్నువాడు మెల్లే. పిలిచేవాడికి మొహమాటం లేదు, పలికేవాడికి రోషం లేదు. రోబ్లేకి ఊరు పెట్టిన పేరు పెద్దముక్కు. అతని ఉద్యోగానికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. గొడ్లని ఎక్కించుకోడానికి రేవుకొచ్చిన ప్రతి ఓడలోకీ ముందుగా దిగేది ఆ ముక్కే. అది సరేనంటేనే కాగితం మీద ముద్ర పడేది.

ఆ పొద్దున వచ్చిన ఓడకి కూడా లంగరు దిగకముందే కూలీలు పేరు పెట్టేశారు. పక్క కటకటాలు సగం ఊడిపోయి ఉన్నాయని బోసినోరు అన్నారు. ఒకప్పుడు అది కార్లు మోసిన ఓడ. మనిషి ముసలైతే మూలన మంచం వేస్తారు, ఓడ ముసలైతే గొడ్లని ఎక్కిస్తారు. మనిషి బతుకే నయం.

రోబ్లే చేతిలో ఇంట్లో ఆడవాళ్లు ధూపం వేసుకునే మట్టి కుంపటి ఉంది. అందులో రెండు నిప్పులు, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి. గాలి లెక్కగట్టే మిషను కచేరీ బీరువాలో ఒకటి ఉంది కానీ, దానికి బ్యాటరీ అయిపోయి ఎంతకాలమైందో బీరువాకే తెలియాలి. అందుకని రోబ్లే పొగనే నమ్ముకున్నాడు. అంతస్తు మధ్యలో కుంపటి పెట్టి చూస్తాడు. పొగ పక్కకి పరిగెత్తితే గాలి ఆడుతున్నట్టు, నిలువుగా నిలబడితే లేనట్టు.

"ఏం పెద్దముక్కూ, మా ఓడకి పురుడొచ్చిందా, ధూపం పట్టుకొచ్చావు?" అన్నాడు సరంగు మెహ్‌దార్. ఏడెన్ మనిషి. ఈ రేవుకి వచ్చీ పోయీ సోమాలీ మాట, సోమాలీ వెటకారం రెండూ పట్టేశాడు.

"పురుడు కాదు, దిష్టి. నీ మొహం రోజూ చూస్తోంది కదా, పాపం," అన్నాడు రోబ్లే.

పై అంతస్తుల్లో పొగ చక్కగా పరిగెత్తింది. నడిమి అంతస్తులో కొంచెం నీరసంగానైనా నడిచింది. అట్టడుగున మాత్రం కుంపటి కింద పెట్టగానే పొగ తాడులా లేచి, ఇనప కప్పుకి తగిలి, అక్కడే ముద్దగా కూర్చుంది. రోబ్లే మెడ మీద చెమట కారింది. ఇంకా ఒక్క గొడ్డు కూడా ఎక్కలేదు, ఉన్నది తనూ సరంగూ. అయినా లోపల ఉడకేసిన బట్టల మూటలా ఉంది.

"ఫ్యాన్లు?"

"తిరుగుతాయి," అన్నాడు మెహ్‌దార్, కప్పు వైపు చూడకుండా.

"ఎప్పుడు?"

"అవతలి రేవులో సామాను దొరుకుతుందంటాడు కెప్టెను. దారిలోనే బాగుచేస్తానని కూడా అంటాడు. చాలా అంటాడు, మంచి మాటకారి."

రూలు చిన్నది. గాలి ఆడని అంతస్తులో గొడ్డు ఎక్కకూడదు. ఇంతకు ముందొక ఓడ సగం శవాలతో చేరితే హజ్ బలులకి గొడ్లని కొనే అవతలి ఒడ్డువాళ్లు ఇక్కడి గొడ్లే వద్దని తలుపేసుకున్నారు. ఆ తలుపు మళ్లీ తెరిపించడానికి పుట్టిన రూలు అది. రోబ్లే కుంపటి చేతబట్టుకుని పైకొచ్చి, అడుగు అంతస్తు ఖాళీగా పోవాల్సిందేనని కెప్టెను మొహం మీదే చెప్పేశాడు. కెప్టెను భుజాలు ఎగరేశాడు. ఆయనకేం, కడుపు నిండినా ఎండినా ఓడ కదులుతుంది.

మాట రోబ్లే కన్నా ముందే ఒడ్డుకి చేరింది. టీ కొట్టు దగ్గర బామ్మర్ది ఖయాద్ అప్పటికే కాచుకుని కూర్చున్నాడు. భార్య దహబోకి ఒక్కగానొక్క తమ్ముడు. గొడ్ల వెంట ఓడెక్కి, దారిపొడుగునా మేతా నీళ్లూ చూసే పని వాడిది. సన్నగా గెడకర్రలా ఉంటాడు, నవ్వితే మాత్రం రేవంతా వినిపిస్తుంది.

"రా బావా, రా. నీకోసం టీ చెప్పి, తాగేశాను కూడా. వేడి పోతుందని."

"మీ వంశంలో పెట్టే చెయ్యి ఎప్పుడు పుట్టింది గనక."

"అలాగనకు, అక్కని పెట్టాంగా! ఆవిణ్ణి తిరిగిచ్చేసెయ్, టీ పోయిస్తాను." ఖయాద్ నవ్వి, ఒక్కసారిగా గొంతు తగ్గించాడు. "బావా, నిజంగానే అడుగుది మూసేశావా?"

"పొగ నిలబడిపోయింది."

"ఆ అడుగులోకి ఎక్కాల్సినవి ఎవరివో తెలుసా?"

తెలుసు. ఎలా తెలియదు? వానలు ఎగ్గొట్టిన ఏడు. అత్తవారి వైపు వాళ్లంతా బతికున్న గొడ్లని బురావు వైపు నుంచి తోలుకొచ్చారు. దారిలో పడిపోయినవి పడిపోగా, మిగిలినవి ఊరి బయట దొడ్లో ఎముకల గూళ్లలా నిలబడి ఉన్నాయి. హజ్ దగ్గరికొచ్చింది. ఈ ఓడ తరవాత ఇంక ఈ ఏడాది ఓడ లేదు. దొడ్లో గడ్డి అయిపోతోంది, వెనక్కి తోలుకెళ్దామంటే వెనకాల మట్టి తప్ప ఏమీ లేదు.

"ఓడెక్కితే కొన్ని చస్తాయి, ఎక్కకపోతే అన్నీ చస్తాయి. ఇది నీకు లెక్క కాదా బావా? నీ ముక్కు పెద్దదని మెదడుకి జాగా లేకుండా పోయిందా?"

"అడుగున గొడ్లు ఉంటే, గొడ్ల మధ్య తిరిగేది ఎవడ్రా? నువ్వేగా."

"నేనే. నాకు లేని భయం నీకెందుకు?"

"మీ అక్క నన్ను చంపుతుంది."

"ఎటూ చంపుతోందిగా, రోజూ కొంచెం కొంచెం."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయ్యాక రోబ్లే, "కుదరదురా," అన్నాడు. ఖయాద్ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరని వేలితో నాక్కుంటూ కూర్చున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. రూలు రూలుగా ఉండేది, గొడ్లు ఒడ్డున చచ్చేవి, అత్తవారి వైపు వాళ్లు రోబ్లేని ఏడేళ్లు తిట్టి ఎనిమిదో ఏడు పిలిచి భోజనం పెట్టేవాళ్లు. కానీ మధ్యాహ్నం దొడ్డి దగ్గర నుంచి కబురొచ్చింది. హాజీ దుఆలే రమ్మంటున్నాడని.

హాజీ దుఆలే దహబోకి చిన్నాన్న, అంటే రోబ్లేకి పిల్లనిచ్చిన మామ వరస. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం. బురావు పశువుల సంతలో పుట్టుకతోనే దళారీ అన్నట్టు పేరు. ఆయన కుదర్చని బేరం లేదు, విడగొట్టిన స్నేహమూ లేదు. రేకుల షెడ్డు కింద చాప మీద కూర్చుని మత్తునిచ్చే ఖాత్ ఆకు నములుతున్నాడు. పక్కన నలుగురు పెద్దలు. షెడ్డు అవతల గొడ్లు. అరిచే ఓపిక కూడా లేక తలలు వేలాడేసి నిలబడ్డాయి. పొడి గాలి మట్టిని ఎత్తి వాటి మొహాల మీదే పోస్తోంది.

"రా అల్లుడూ. ఓడ ముక్కు చూశావటగా, ఏమంటుంది?"

"ఓడకి ముక్కు లేదు మామా, అదే గొడవ. ఊపిరాడట్లేదు."

పెద్దలు నవ్వారు. హాజీ నవ్వలేదు, దొడ్డి వైపు చూపించాడు. "ఆ తెల్లగొడ్డు చూడు. మా అన్న, అంటే నీ మామ, పోయేముందు దాని తల్లిని దహబో పేరున ఇచ్చాడు. దారిలో రెండుసార్లు పడిపోయింది. ఖయాద్ తోక పట్టుకుని లేపాడు. ఇప్పుడు చెప్పు, ఇక్కడే పడిపోనివ్వమంటావా?"

"నేను కాదు మామా, రూలు అంటోంది."

"రూలు ఎవరు పెట్టారు?"

"మనుషులే."

"మనుషులు పెట్టిందాన్ని మనుషులు మాట్లాడుకుంటారు. అడిగినవాడు అడిగినంతా పుచ్చుకోడు, ఇచ్చేవాడు గుప్పిట ముడిచి కూర్చోడు. చెయ్యి ఇయ్యి."

హాజీ భుజం మీది శాలువా తీసి ఒళ్లో పరిచాడు. కుడి చెయ్యి దాని కిందకి పోనిచ్చాడు.

సంతలో బేరం ఇలాగే. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లతో మాట్లాడుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. తగ్గినవాడు తగ్గినట్టు కనపడడు, గెలిచినవాడు విర్రవీగడు. గుడ్డ కింద జరిగిన మాట గుడ్డ కిందే ఉండిపోతుంది. దాన్ని నోటికి తెచ్చినవాడితో తరవాత ఎవడూ చెయ్యి కలపడు. రోబ్లే ఉద్యోగం రాకముందు అదే సంతలో తండ్రి వెనకాల తిరిగినవాడే. మెదడు వద్దంటున్నా చెయ్యి ఆ పిలుపు గుర్తుపట్టింది. అదీ కాక, మామ పరిచిన శాలువా కింద చెయ్యి పెట్టకపోవడమంటే నలుగురిలో మొహాన ఉమ్మినట్టే.

పెట్టాడు.

హాజీ చెయ్యి ఎండిన తోలులా గరుకుగా ఉంది. రోబ్లే చూపుడువేలిని మొదలంటా పట్టుకుని గట్టిగా నొక్కాడు. మొత్తం అంతస్తు. రోబ్లే వేలు లాక్కుని పిడికిలి మూశాడు. ఏమీ లేదు. హాజీ నెమ్మదిగా పిడికిలి విప్పించాడు, నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు. పైన మొహం మాత్రం మామూలుగా ఉంది, వానల గురించి పెద్దలతో ఏదో అంటున్నాడు. మళ్లీ వేలు. ఈసారి కొంచెం కిందకి. రోబ్లే కాదన్నాడు, కానీ ఈసారి పిడికిలి మూయలేదు, వేలి కొస చూపించాడు. చిన్నగా, ఇంతంటే ఇంత. బేరంలో ఒక్క అంగుళం కదిలినవాడు కదిలినవాడే. కొసా మొదలూ, మొదలూ కొసా అయ్యాక, హాజీ బొటనవేలు రోబ్లే వేలి నడిమి కణుపు మీదకొచ్చి ఆగింది.

సగం.

రోబ్లే ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ మాత్రం పుణ్యం అతనికి దక్కాలి. సగం గొడ్లంటే సగం వేడి. సగం ఊపిరి. మధ్యలో ఖాళీ ఉంటుంది, గాలి తక్కువైనా సర్దుకుంటుంది. మొత్తం అడిగిన మామని సగానికి దింపాను కదా, ఇది ఓటమి కాదు కదా అనుకున్నాడు. పుట్టిన దగ్గర నుంచీ సంతలో చూసిందదే. నువ్వో మెట్టు దిగు, నేనో మెట్టు ఎక్కుతా, మధ్యలో కలిస్తే ఇద్దరూ మంచివాళ్లే. ధరకి మధ్య ఉంటుంది. పెళ్లి మాటలకీ, పొలం గట్లకీ, రక్తం చిందిన తగువులకీ మధ్య ఉంటుంది. నిలబడిపోయిన పొగకి మధ్య ఉంటుందా అని మాత్రం అతనికి తట్టలేదు.

తిరిగి నొక్కాడు. హాజీ శాలువా కింద చెయ్యి కలిపి ఊపాడు. పెద్దలు ఏం కుదిరిందో తెలియకపోయినా, కుదిరిందని తెలుసుకుని దీవించారు.

"ఓడ కదిలేలోపు ఫ్యాన్లు బాగుచేయించాలి," అన్నాడు రోబ్లే, నోటితో.

"చేయిస్తా."

"గొడ్లు రొప్పితే వెంటనే పై అంతస్తుకి ఎక్కించాలి."

"ఎక్కిస్తాడు. మన ఖయాద్ లేడూ?"

మర్నాడు పొద్దున్నే ఎక్కించడం మొదలైంది. వాలుబల్ల మీద డెక్కల చప్పుడు, కూలీల కేకలు, జారిపడ్డ గొడ్ల మీంచి తొక్కుకుంటూ ఎక్కే గొడ్లు. రోబ్లే అడుగు అంతస్తు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సగం నిండగానే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్కటి కూడా ఎక్కువ ఎక్కనివ్వలేదు. ఆ విషయంలో మాత్రం రాయిలా ఉన్నాడు. ఫ్యాన్ల దగ్గర ఎవడో మనిషి నిచ్చెన మీద నిలబడి, చేతిలో స్పానరుతో, కిందకి చూసి తల ఊపాడు. అయిపోవచ్చింది అన్నట్టు ఊపాడో, ఎందుకొచ్చిన పని అన్నట్టు ఊపాడో రోబ్లే అడగలేదు. ముద్ర వేశాడు.

ఖయాద్ ఓడ దిగి వీడ్కోలు చెప్పడానికొచ్చాడు. బావని కావలించుకున్నట్టే కావలించుకుని, వంగి, అతని కాలి చెప్పు ఒకటి లాగి రేవు నీళ్లలోకి విసిరాడు.

"ఒరేయ్ దరిద్రుడా!"

"ఒంటి చెప్పుతో ఇంటికెళ్లు బావా, అక్క నవ్వుతుంది. ఈ మధ్య నవ్వట్లేదు పాపం." వాలుబల్ల ఎక్కుతూ వెనక్కి తిరిగి, "అవతల నీ ముక్కుకి సరిపడా తొడుగు దొరుకుతుందేమో చూస్తాలే!" అని అరిచాడు. రేవంతా నవ్వింది. ఒంటి చెప్పుతో కాలిపోతున్న సిమెంటు మీద గెంతుకుంటూ రోబ్లే కూడా నవ్వాడు.

దహబో నిజంగానే నవ్వింది. నవ్వి, "ఫ్యాన్లు తిరిగాయా?" అని అడిగింది.

"చేస్తున్నారు."

"చేశారా, చేస్తున్నారా?"

"నువ్వు అన్నం పెట్టవే ముందు," అన్నాడు రోబ్లే.

మధ్యాహ్నం వాలాక, అసర్ నమాజుకి కాస్త ముందు ఫోను మోగింది. ఓడ ఇంకా తీరం అంచునే పోతున్నట్టుంది, అందుకే దొరికింది.

"బావా." ఖయాద్ గొంతులో వెటకారం లేదు. "నాలుకలు బయటపెట్టాయి."

"ఎన్ని?"

"ఎన్నేంటి, అన్నీ. తలలు పైకెత్తి కప్పు వైపు చూస్తున్నాయి, నీళ్లు తాగట్లేదు. పేడ ఉడుకుతోంది బావా, కళ్లు మండుతున్నాయి. ఫ్యాను లేదు. ఆ స్పానరువాడు వంటవాడట."

"పైకెక్కించురా! నడిమి అంతస్తుకి ఎక్కించు!"

"ఎక్కడికి ఎక్కించను? ఇక్కడ ఆపేసిన సగాన్నీ వెనక గేటు నుంచి పైన కుక్కేశారు. పైన కాలు పెట్టే సందు లేదు. నడిమి అంతస్తులో గొడ్డు పడుకుంటే పక్క గొడ్డు మీదే పడుకోవాలి."

రోబ్లేకి అప్పుడు అర్థమైంది. తను ఒక గుమ్మం దగ్గర రాయిలా నిలబడ్డాడు, ఓడకి రెండు గుమ్మాలున్నాయి.

"బావా, ఓడని వెనక్కి పిలిపించు. రేవు కచేరీ పిలిస్తే కెప్టెను తిరగాల్సిందే."

"పిలిపిస్తా. నువ్వు కిందకి దిగకు. వింటున్నావా? పైనే ఉండు."

"పైనే ఉంటే వీటికి నీళ్లెవరు పోస్తారు?" అన్నాడు ఖయాద్. చిన్నగా నవ్వినట్టు వినిపించింది. "బావి దగ్గర గొడ్లకి పాడే పాట పాడితే కొంచెం తాగుతున్నాయిలే. తొందరగా కానియ్యి."

రేవు కచేరీ ఇంటికి కూతవేటు దూరం. రోబ్లే తిన్నగా అక్కడికే పోయి ఉంటే బాగుండేది. కానీ ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ ముందు కచేరీకి పోడు, ముందు పెద్దల దగ్గరికి పోతాడు. అతనూ హాజీ దగ్గరికే పరిగెత్తాడు.

"మామా, మాట తప్పారు. మిగిలిన సగాన్ని పైన ఎక్కించారు."

హాజీ నమాజు ముందు వజూకి కాళ్లు కడుక్కుంటున్నాడు. నెమ్మదిగా తలెత్తాడు. "తప్పడమేంటి అల్లుడూ? మనం చెయ్యి కలిపింది అడుగు అంతస్తుకి. పై అంతస్తు ఊసు శాలువా కింద వచ్చిందా?"

రాలేదు. ఎంత గుర్తుచేసుకున్నా రాలేదు.

"ఓడని వెనక్కి పిలిపిస్తాను."

"పిలిపించు. రేవు అధికారి అడుగుతాడు. గాలి లేని అంతస్తుకి ముద్ర వేసిందెవడని. ఏం చెబుతావు? మామ వేలు నొక్కాడని చెబుతావా?" హాజీ గొంతులో కోపం లేదు, అదే పెద్ద బాధ. "వేడి పొద్దు గుంకితే తగ్గుతుంది. వాళ్లూ సముద్రం చూసినవాళ్లే. నమాజుకి వేళయింది, రా, చేసుకుని ఆలోచిద్దాం."

రోబ్లే పక్కన నిలబడి నమాజు చేశాడు. నుదురు నేలకి ఆనించినప్పుడు కూడా గొడ్ల నాలుకలే కనబడ్డాయి. తరవాత కచేరీకి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. లోపల వైర్‌లెస్ ముందు మనిషి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ రోబ్లేని చూసి, "ఏం పెద్దముక్కూ, చెప్పు పోయిందటగా?" అని నవ్వాడు.

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. ఓడ వెనక్కి రావాలి అంటే చాలు. రోబ్లే నోరు తెరిచాడు కూడా. కానీ ముద్ర వేసిన చెయ్యే కనబడింది ముందు. ఉద్యోగం, అత్తవారి వంశం, శాలువా, అన్నీ కలిసి ఆ గుమ్మంలో నిలబడ్డాయి. పొద్దు గుంకితే తగ్గుతుంది అనుకున్నాడు.

"దొరుకుతుందేమో చూస్తున్నా," అన్నాడు. వెనక్కి తిరిగాడు.

వీధిలోకొచ్చి మళ్లీ ఫోను చేశాడు. ఓడ అందుబాటు దాటిపోయింది.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో రోబ్లే ఎవరికీ చెప్పలేదు. ఓడ కన్నా ముందు కబురు తిరిగొచ్చింది. అవతలి రేవులో వాళ్లు అడుగు అంతస్తు గేటు తెరిచి చూసి, మళ్లీ మూసేసి, ఓడనే పొమ్మన్నారట. ఆ కబురు తరవాత కంపు వచ్చింది. సముద్రం వైపు నుంచి గాలి మళ్లినప్పుడల్లా ఊరు ముక్కు మూసుకుంది. ఈ ఎండలకి డబ్బున్నవాళ్లు చల్లగా ఉండే షేక్ కొండల మీదకి ఎప్పుడో పోయారు, మిగిలినవాళ్లు కిటికీలు మూసుకుని ఉడికారు. బోసినోరు రేవు బయట లంగరేసి ఆగింది. లోపలికి రమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

చూసి రావడం రోబ్లే పని. చిన్న పడవలో వెళ్లి తాడు నిచ్చెన ఎక్కాడు. పైన మెహ్‌దార్ నిలబడి ఉన్నాడు. వారం రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. నోటికి గుడ్డ కట్టుకున్నాడు. వెటకారం చెయ్యలేదు. అప్పుడే రోబ్లేకి తెలిసిపోయింది. అయినా అడిగాడు.

"మా ఖయాద్?"

"నేను ఆపాను పెద్దముక్కూ. పైకి లాక్కొచ్చి కూర్చోబెట్టాను కూడా. దగ్గు ఆగలేదు, కళ్లు ఇంత ఎర్రగా. మళ్లీ దిగాడు. పాడితే తాగుతున్నాయి అంటాడు. పాట పైకి వినిపిస్తూనే ఉంది. మేమూ అలవాటుపడిపోయాం, వినిపిస్తోంది కదా, ఉన్నాడు కదా అని. వినిపించడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు." గుడ్డ సర్దుకున్నాడు. "నీళ్ల తొట్టి పక్కనే పడి ఉన్నాడు. ఓడలో కఫన్‌కి తెల్లగుడ్డ లేదు. కెప్టెను దుప్పటి చుట్టాం. నమాజు నేనే చదివాను. సముద్రంలోకి దింపాం. తప్పయితే నన్ను అను."

రోబ్లే ముక్కుకి కట్టుకోడానికి ఒక గుడ్డ అడిగి తీసుకుని, అడుగు అంతస్తులోకి దిగాడు. చూసిందాన్ని చెప్పడం ఎందుకు. సగం అంతస్తు ఖాళీగా ఉంచాడు కదా, గొడ్లు ఆ ఖాళీలోకి పోలేదు. అక్కడ గాలి ఉందనుకుందో ఏమో, మంద మొత్తం ఒకే మూలకి తోసుకుని, ఒకదాని మీదొకటి ఎక్కి అక్కడే పోయింది. ఖాళీ సగం శుభ్రంగా ఉంది.

ఒడ్డుకొచ్చేసరికి రేవు మెట్ల మీద హాజీ దుఆలే, పెద్దలు, వెనకాల జనం. ఎండకి ఎవరూ కదలట్లేదు. హాజీ మొహం చూడగానే రోబ్లేకి జాలేసింది, అదొక వింత. ముసలాయన గడ్డం వేళ్లతో నలుపుకుంటూ, అందరికీ వినబడేట్టు అన్నాడు, "ఎండాకాలపు సముద్రం. అల్లా రాత. మనవాడు పని మీద ఉండి పోయాడు, అమరుడు."

జనం ఆమీన్ అన్నారు.

"రాత కాదు," అన్నాడు రోబ్లే.

హాజీ దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "అల్లుడూ. శాలువా కింద మాట శాలువా కిందే. చావుకి వంశాల మధ్య కట్టే రక్తపరిహారం మాట మేం చూసుకుంటాం. నీ మీదకి రానివ్వను, నా మాట."

"రానీ మామా."

"ఇది బయటికొస్తే సంతలో ఇంక ఎవడూ నా చెయ్యి ముట్టుకోడు. నీదీ ముట్టుకోడు."

"అడుగున గాలి లేదు," అన్నాడు రోబ్లే, జనం వైపు తిరిగి. గొంతు పెద్దది చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరం కూడా లేదు, అంత నిశ్శబ్దంగా ఉంది. "నాకు తెలుసు. మూసేశాను. తరవాత మామతో చెయ్యి కలిపి సగానికి తెరిచాను. ఖయాద్ ఫోను చేశాడు, ఓడని వెనక్కి పిలవమన్నాడు. కచేరీ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను."

పెద్దల్లో ఒకాయన నేల చూశాడు. ఇంకొకాయన రోబ్లేని కాదు, హాజీని చూశాడు. హాజీ చెయ్యి అతని మోచేతి మీంచి నెమ్మదిగా జారిపోయింది. వెనకాల ఎవడో కూలీ, "ఛీ," అన్నాడు. గుడ్డ కింద మాట బయటపెట్టినందుకు అన్నాడో, గాలి లేని ఓడకి ముద్ర వేసినందుకు అన్నాడో తెలియలేదు. రెండింటికీ ఆ ఒక్క ఛీ సరిపోతుంది.

సాయంత్రం ఊళ్లో అత్తవారి వైపు వాళ్లు దిగిన ఇంటి ముందు గుడారం వేశారు. శవం లేని చావు. మగవాళ్లు చాపల మీద కూర్చుని ఖురాన్ చదువుతున్నారు. రోబ్లే వస్తే ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. పక్కకి మాత్రం జరిగారు. కాసేపటికి లోపలి తెర వెనక నుంచి దహబో పిలిచింది. ఎప్పుడూ పిలిచే పిల్లల తండ్రీ అన్న పిలుపు కాదు, పేరు పెట్టి పిలిచింది.

తెర దగ్గర నిలబడ్డాడు. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"రేవులో అన్నావటగా. నిజమేనా?"

"నిజమే."

"నేను అడిగాను. ఫ్యాన్లు చేశారా, చేస్తున్నారా అని. నువ్వు అన్నం పెట్టమన్నావు."

"అవును."

"తిన్నావు కూడా."

"తిన్నాను."

లోపల ఎవరో ముసలావిడ ఏడుపు అందుకుంది, ఆపింది.

"చిన్నాన్న దళారీ. పుట్టిన దగ్గర నుంచీ ఆయనకి ప్రతిదీ బేరమే. ఆయన అడుగుతాడు, అడగడమే ఆయన పని," అంది దహబో. "కాదనడానికేగా నిన్ను అక్కడ పెట్టారు."

రోబ్లే ఏదో అనబోయాడు. ఆమె తెర వేసేసింది.

వెనక్కొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఎవరో టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టారు. చావింటి టీ కాదనకూడదు. వేడిగా ఉంది, చక్కెర గొంతులో అంటుకునేంత వేశారు. పక్కనున్నవాళ్లు ఎవరూ అతనివైపు చూడట్లేదు. రోబ్లే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆగి ఆగి, మొత్తం తాగాడు.